అంచు మీద ఎంతసేపు?

పోయిన ఆదివారం మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. పెళ్లయి ఇంకా ఏడాది నిండలేదు. "బాబాయ్, ఇండోనేసియా టికెట్లు చూస్తున్నాం. బ్రోమో, ఇజెన్ రెండు అగ్నిపర్వతాలూ ఒకే ట్రిప్పులో అయిపోతాయంట. నువ్వు బ్రోమో వెళ్లొచ్చావు కదా, సేఫేనా?" అన్నాడు. నేనప్పుడు విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజార్లో బెండకాయలు ఏరుకుంటున్నాను. "సేఫేరా, వెళ్లిరండి" అనేసి ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

స్కూటర్ దగ్గరికి వచ్చేసరికి మనసులో ఏదో కెలికింది. వాడు అడిగింది హోటల్ గురించి కాదు. ఇంకా రగులుతున్న కొండ గురించి. బెండకాయ ముదురో లేతో చివర విరిచి అయినా చూశాను, ఆ ప్రశ్నకి మాత్రం ఏమీ చూడకుండానే జవాబు చెప్పేశాను.

రాత్రి మళ్లీ ఫోన్ చేసి మాట మార్చుకున్నాను. వెళ్లొద్దని అనలేదు. కానీ గంటకు పైగా వాదించుకున్నాం, చివరికి వాడికి విసుగొచ్చింది, నాకు గొంతు ఎండిపోయింది. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. నా వాదన ఇది: అగ్నిపర్వతం విషయంలో "సేఫా, కాదా" అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పగలిగేవాడు లేడు. "ఎంత దూరంలో, ఎంతసేపు" అని అడిగితే మాత్రం జవాబుంది. దూరం నుంచి చూసేటట్టయితే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూడండి. బిలం (కొండ నోరు) అంచుకే వెళ్లాలనుకుంటే నిమిషాలు లెక్కపెట్టుకుని వెళ్లండి.

నిప్పు కాదు, నీళ్లు

వాడు వేసిన మొదటి పంచ్: "లావా కంటే వేడైనదాని పక్కన ఇరవై ఆరేళ్లు డ్యూటీ చేశావు. నీకు భయమేంటి బాబాయ్?"

నిజమే. నేను స్టీల్ ప్లాంటులో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరైనవాణ్ణి. లావా మహా అయితే 1,200 డిగ్రీలు. ఫర్నేస్ నుంచి దిగే ఇనుము 1,450 పైమాటే. కానీ అక్కడ చేరిన కొత్త కుర్రాడికి మొదటి వారం నేర్పేది నిప్పు గురించి కాదు, తడి గురించి. ఇనుము పారే కాలవలో తడి ఉండకూడదు. వానలో తడిసిన తుక్కు వేయకూడదు. ఇసుక కూడా ఆరిందో లేదో చూసుకోవాలి. లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 1,700 లీటర్ల చోటు కావాలి. ఆ నీళ్లు కరిగిన ఇనుము కింద చిక్కుకుంటే చోటు కోసం ఆగవు, పైనున్నదాన్ని ఎగరగొట్టి బయటికొస్తాయి. ఇనుము తనంతట తాను ఎవరి మీదికీ రాదు. నీళ్లే దాన్ని మోసుకొస్తాయి.

అగ్నిపర్వతం దగ్గర పర్యాటకుల్ని ఎక్కువగా పొట్టనపెట్టుకుంటున్నది కూడా ఇలాంటి ఆవిరి పేలుడే. సినిమాల్లో చూపించే ఎర్రటి ప్రవాహం చాలాసార్లు నడక వేగంతోనే వస్తుంది, పక్కకి తప్పుకోవచ్చు. ఆవిరి పేలుడు అలా కాదు. కొండ లోపల ఇంకిన నీరు వేడెక్కి, దారి లేక, పైన ఉన్న రాతిని పగలగొట్టుకుని వస్తుంది. కొత్తగా మాగ్మా (లోపల కరిగిన రాయి) పైకి రావాల్సిన పని కూడా లేదు. అందుకే భూకంప యంత్రాలకి ముందుగా పట్టుబడే సూచనలు తక్కువ, ఒక్కోసారి నిమిషాలే.

2014 సెప్టెంబర్ 27, శనివారం. జపాన్‌లో ఒంటాకే కొండ. ఆకులు ఎర్రబారే కాలం, ఎండ బాగుంది, జనం పిల్లల్ని తీసుకుని ఎక్కారు. ఉదయం 11:52కి, చాలామంది శిఖరం మీద అన్నాల డబ్బాలు విప్పే వేళకి, కొండ పేలింది. చనిపోయినవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు కలిపి 63 మంది. ఎక్కువమందిని చంపింది లావా కాదు, పైకెగిరి కిందపడిన రాళ్లు. ఆ రోజు ఆ కొండకి ఉన్న హెచ్చరిక స్థాయి 1. అంటే అన్నిటికంటే తక్కువది. దానికి అప్పటిదాకా జపాన్ వాళ్లు పెట్టుకున్న పేరు "మామూలు స్థితి". తర్వాతి ఏడాది ఆ పేరు తీసేసి "ఇది రగిలే కొండ అని గుర్తుంచుకోండి" అనే అర్థం వచ్చేలా మార్చారు. అంకె 1 అలాగే ఉంచారు. నాకు ఆ మార్పు చాలా నచ్చింది. ఒక ప్రభుత్వ శాఖ మాట ఖరీదు తెలుసుకుని బోర్డు మార్చడం రోజూ జరిగేది కాదు.

సరిగ్గా పదిహేను రోజులకి మనకి హుద్‌హుద్ వచ్చింది. అక్టోబర్ 12. విశాఖలో ఉన్నవాళ్లకి ఆ రోజు వర్ణించి చెప్పక్కర్లేదు. ఒక్కటి మాత్రం గుర్తుచేస్తాను. తుఫాను కన్ను మన మీదుగా పోతున్నప్పుడు గాలి పడిపోయింది కదా. మా అపార్ట్‌మెంట్లో అందరం "అయిపోయిందిరా దేవుడా" అని కిందికి దిగాం. వాచ్‌మన్ గేటుకి అడ్డంగా పడ్డ కొమ్మని లాగుతున్నాడు. మూడో అంతస్తు మేష్టారు కారు అద్దాలు చూసుకుంటున్నారు. నేను చెప్పులు వేసుకుని మెయిన్ రోడ్డు దాకా వెళ్దామని కూడా బయల్దేరాను. మా ఆవిడ బాల్కనీలోంచి అరిచింది, "ఎటెళ్తున్నారు, పైకి రండి!" అని. రెండో గాలి ఎదురు దిక్కు నుంచి కొట్టినప్పుడు నేను రెండో అంతస్తు మెట్ల మీద ఉన్నాను. వాచ్‌మన్ లాగుతున్న కొమ్మ గేటుతో సహా పార్కింగ్‌లోకి వచ్చిపడింది. అతను అప్పటికి లోపలికి వచ్చేశాడు, అదృష్టం.

నెమ్మదిగా ఉంది కాబట్టి అయిపోయిందనుకోవడం మన బుర్రకి పుట్టుకతో వచ్చిన గుణం. స్థాయి 1 అని చదవగానే నాలో పనిచేసేది అదే గుణం.

టికెట్ ఇచ్చేవారు వేరు, దూరం చెప్పేవారు వేరు

"అయితే ఆ అంకెలు దండగా?" అని వాడి ప్రశ్న. దండగ కాదు. నేను చెప్పేది ఒక వైపే పనిచేస్తాయని. అంకె పెరిగితే ఆగిపోవాలి. పెరగకపోతే ఏమీ జరగదని మాత్రం హామీ లేదు.

న్యూజిలాండ్‌లో వకారి అనే అగ్నిపర్వత దీవి సంగతి చూడండి. 2019 నవంబర్ 18న స్థాయిని 1 నుంచి 2కి పెంచారు. పడవలు ఆగలేదు. మూడు వారాలకి, డిసెంబర్ 9 మధ్యాహ్నం పేలింది. దీవి మీద 47 మంది ఉన్నారు, 22 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఓడ షికారుకి వచ్చి, ఒకపూట ఖాళీ దొరికితే దీవికి టికెట్ కొనుక్కున్నవాళ్లు. నన్ను వెంటాడే సంగతి వేరే ఉంది. ఇంకో గుంపు అంతకుముందే బిలం చూసేసుకుని పడవెక్కింది. పేలింది చూసి ఆ పడవే వెనక్కి తిరిగి వెళ్లి కాలిన మనుషుల్ని ఎక్కించుకుంది. అదే దీవి, అదే రోజు, అదే స్థాయి. తేడా నిమిషాలది.

ఆ తర్వాత కోర్టుల్లో దీవి యజమానుల కంపెనీది తప్పని 2023లో తీర్పు వచ్చింది, 2025లో పైకోర్టు దాన్ని కొట్టేసింది. బాధ్యత ఎవరిదో తేలడానికే అన్నేళ్లు పట్టింది. అంటే టికెట్ కొన్న రోజున అది ఎవరిదో ఎవరికీ స్పష్టంగా తెలియదన్నమాట.

ఇండోనేసియాలో ఈ ముడి ఇంకా బిగువు. అక్కడ అగ్నిపర్వతాల మీద నిఘా పెట్టేది భూగర్భ శాఖ. స్థాయిలు నాలుగు, ఏ కొండకి ఎంత దూరంలో ఆగాలో కూడా వాళ్లే చెబుతారు. ఎవరైనా ఫోన్లో చూసుకోవచ్చు. కొండ ఎక్కడానికి టికెట్ ఇచ్చేది మాత్రం అడవులు, పార్కుల వాళ్లు. సుమత్రాలో మరాపి అని ఉంది (జావాలోని మెరాపి వేరు, ఒక్క అక్షరమే తేడా). అది స్థాయి 2లో ఉంది, బిలానికి 3 కిలోమీటర్ల లోపలికి పోవద్దని శాస్త్రజ్ఞుల మాట. అయినా ఎక్కనిచ్చారు. 2023 డిసెంబర్ 3న పేలి 24 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పేర్లు నమోదు చేయించుకుని, రుసుము కట్టి, వరసలో వెళ్లినవాళ్లే. దొంగదారిన ఎక్కినవాళ్లు కాదు.

ఇప్పుడు నా సంగతి. బ్రోమో స్థాయి 2లో ఉన్నప్పుడు బిలం చుట్టూ కిలోమీటరు లోపలికి వెళ్లొద్దనే చెబుతారు. నేను టికెట్ కొని, మెట్లెక్కి నిలబడ్డ అంచు ఆ కిలోమీటరులో ఎక్కడుందంటారు? నట్టనడుమ. ఇది నాకు ఇంటికొచ్చాక తెలిసింది.

వినాయకుడు ఉన్నాడు కదా

మేం వెళ్లింది 2023 జూలైలో. నేను, మా ఆవిడ, అక్క, బావ. తెల్లవారుజామున మూడింటికి జీపు. పెనంజకన్ అనే కొండ మీద నిలబడితే ఎదురుగా లోయంతా మంచు, దాని మధ్యలోంచి బ్రోమో పొగ, వెనకాల సెమెరు అనే ఇంకో అగ్నిపర్వతం. సింహాచలం కొండ మీద చలికాలం పొద్దున్న మబ్బు కాళ్ల కిందికి వస్తుందే, దానికి పదింతలు. నిజం చెప్పాలంటే మా ట్రిప్పుకి అదే పైసా వసూల్. అక్కడే రెండు గంటలు కూర్చుని టీ తాగి వచ్చేసినా ఏమీ పోయేది కాదు.

కానీ బావ అంచు చూడాలన్నాడు. నేనూ అన్నాను, ఆయన మీద తోసేయడం బాగోదు. ఇసుక మైదానం దాటి, అక్క గుర్రం మీద, మేం నడిచి, తర్వాత రెండొందల యాభై మెట్లు. పైన దారి ఇద్దరు ఎదురెదురుగా వస్తే భుజాలు రాసుకునేంత. కొంత దూరం కమ్మీలున్నాయి, తర్వాత లేవు. ఒక పక్క మేం వచ్చిన వాలు, ఇంకో పక్క బిలం. లోపల నిప్పు కనపడలేదు, తెల్లటి పొగ, ఆగని హోరు. ఫర్నేస్‌లో గాలి బయటికి వదిలేసే వాల్వ్ తెరిచినప్పుడు వచ్చే చప్పుడు నాకు అలవాటే. అది రెండు నిమిషాల్లో ఆగుతుంది, ఎందుకంటే మూసే మనిషి ఉంటాడు. ఇది ఆగలేదు. నాలుక మీద అగ్గిపుల్ల గీసిన రుచి. బావ కళ్లజోడు మీద సన్నటి బూడిద. వేలితో తుడుచుకోబోతే మా ఆవిడ ఆపింది, "గీతలు పడతాయి అన్నయ్యా, నీళ్లు పోసి కడగండి" అని. బూడిద అంటారు గానీ అది కట్టెల బూడిద కాదు, గాజు పొడి లాంటి రాతి పొడి.

ఆ అంచు మీదే చిన్న వినాయకుడు ఉంటాడు. ఆయన ఏడొందల ఏళ్లుగా కొండని ఆపుతున్నాడని వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. అక్క దణ్ణం పెట్టుకుంది, నేనూ పెట్టుకున్నాను. "స్వామి ఉన్నాడు కదా, ఏం కాదు" అంది అక్క. 2004 జూన్‌లో బ్రోమో ఉన్నట్టుండి పేలి రాళ్లు పడి ఇద్దరు పోయారని ఆమెకి ఇప్పటికీ చెప్పలేదు. అక్కడి తెంగర్ హిందువులకి ఆ కొండ దేవుడే. ఏటా కసాడ పండగకి కూరగాయలు, కోళ్లు, మేకలు బిలంలోకి విసిరి మొక్కు తీర్చుకుంటారు. కొండ తమని ఏమీ చేయదని వాళ్లు అనుకుంటే అలా మొక్కుతారా? భయం ఉన్నచోటే మొక్కు ఉంటుంది. మనమైనా గంగమ్మకి ముర్రాటలు పోసి మొక్కుకుంటాం గానీ, తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ఏ మత్స్యకారుడూ అమ్మవారి మీద భారం వేసి పడవ తీయడు.

స్థానికులు అక్కడే బతుకుతున్నారు కదా అనేది ఇంకో వాదన. ఇజెన్‌లో గంధకం మోసేవాళ్లు 70, 80 కిలోలు భుజాన వేసుకుని, నోట్లో తడిగుడ్డ కరుచుకుని ఎక్కుతారు. వాళ్లకి చాలింది కాబట్టి మనకీ చాలుతుందనుకోవడం అన్యాయం. వాళ్లకి చాలడం లేదు. దగ్గుతూ, పళ్లు అరిగిపోయి, కూలి కోసం చేస్తున్నారు.

గాలి వాటం

ఇజెన్ దగ్గర నాకు రాళ్ల భయం కంటే గ్యాస్ భయం ఎక్కువ. రాత్రి కనపడే ఆ నీలి మంట గంధకపు వాయువు మండటమే. చుట్టూ సల్ఫర్ డయాక్సైడ్. కోవిడ్ నాటి మాస్కులు, ఎన్95లు ధూళిని ఆపుతాయి గానీ గ్యాస్‌ని ఆపవు. దానికి ఆమ్ల వాయువుల్ని పట్టే కార్ట్రిడ్జ్ (వడపోత డబ్బా) ఉన్న మాస్క్ కావాలి. అక్కడ అద్దెకిస్తారు. కార్ట్రిడ్జ్ ఎప్పుడు మార్చారో అడగండి, జవాబు చెప్పేవాడి మొహం చూడండి. మా ప్లాంటు గ్యాస్ ఏరియాలో ఒంటరిగా పోనిచ్చేవారు కాదు. మొదట గాలి వాటం చూడు, చేతిలో మీటర్ చూడు, తర్వాత అడుగెయ్యి అనేవారు. కుళ్లిన గుడ్డు వాసన ఆగిపోతే గ్యాస్ పోయిందనుకోకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ మరీ ఎక్కువైతే ముక్కే పనిచేయడం మానేస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌కి అసలు వాసనే లేదు, బరువుగా పల్లాల్లో చేరుతుంది.

ట్రైనింగ్‌లో చెప్పిన మాట ఒకటి ఇంకా చెవిలో ఉంది: పడిపోయినవాణ్ణి చూసి దిగినవాడే రెండో శవం. 2017లో ఇటలీలో, నేపుల్స్ దగ్గర సొల్ఫటారా అనే చోట పదకొండేళ్ల పిల్లవాడు గుంటలో పడ్డాడు. తల్లి, తండ్రి వాడి కోసం వెళ్లి ముగ్గురూ పోయారు. పిల్లల్ని ఇలాంటి చోట్లకి తీసుకెళ్లే విషయంలో నాకు ఒకటే మాట: వద్దు. మిగతా అన్నిటిలో నాకు అటూఇటూ ఉంది, ఇందులో లేదు.

ఇదంతా విని వాడు కాసేపు ఆగి అన్నాడు: "సరే బాబాయ్. కానీ 2020లో వెంకటాపురంలో జనం ఏ అగ్నిపర్వతం ఎక్కారు? ఇంట్లో పడుకున్నారు."

దీనికి నా దగ్గర వెంటనే మాట రాలేదు. మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ వచ్చిన ఆ వీధుల్లో మావాళ్లున్నారు. రోడ్ల మీద, కాలవల పక్కన మనుషులు పడిపోయి ఉన్న వీడియోలు అందరం చూశాం. ప్రమాదం మన గుమ్మంలోనే ఉన్నప్పుడు ఎక్కడో కొండ గురించి ఇంత లెక్కలేంటి అని వాడి ఉద్దేశం. అది తేలిగ్గా తీసేసే మాట కాదు. చాలా రోజులు నేనూ అలాగే అనుకున్నాను. బైక్ మీద మద్దిలపాలెం జంక్షన్ దాటడం కంటే బ్రోమో ప్రమాదమా అని నవ్వినవాణ్ణే.

కానీ ఆ పడుకున్నవాళ్లకి ఎవరూ ఏ అంకె చెప్పలేదు. ఏ దూరం గీత గీయలేదు. తలుపు తీసి ఏ వైపు పరిగెత్తాలో వాళ్లకి తెలియదు. వాళ్లకి దొరకనిది మనకి ఫోన్లో ఉచితంగా దొరుకుతోంది. దాన్ని చూడకుండా పోవడానికి వాళ్లని సాక్ష్యంగా తెచ్చుకోవడం నాకు మింగుడు పడలేదు. అదే వాడికి చెప్పాను. వాడు ఊఁ అన్నాడు.

మరి ఎలా వెళ్లాలి?

పెద్ద చిట్టా ఏం లేదు. రెండు పొద్దుటిపూటలు ఖాళీ పెట్టుకుని వెళ్లండి. ఒక్క పూటే ఉంటే, ఆ రోజు స్థాయి పెరిగినా, గాలి మన వైపే ఉన్నా, "ఇంత దూరం వచ్చి" అనే మాట ఎవరో ఒకరు అంటారు. ఆ మాట అననివ్వకుండా ఉండటానికే రెండో పూట. వెనక్కి తిరిగేది ఎవరు చెబితే అని రాత్రి హోటల్లోనే అనుకోండి, కొండ మీద ఓట్లు వేసుకోవద్దు. హెల్మెట్ దొరికితే సిగ్గుపడకుండా పెట్టుకోండి. చప్పుడు వినపడితే ఫోన్ తీయకండి, పెద్ద రాయి వెనకాల ఒదిగి బ్యాగు తల మీద పెట్టుకోండి. వెనక్కి నడుస్తూ ఫొటోలు దిగకండి. 2024 ఏప్రిల్‌లో ఇజెన్‌లో ఒక చైనా అమ్మాయి పోయింది అలాగే, కొండకి ఏ పాపం తెలియదు.

ఇంకో దారి చెప్పాను వాడికి. మన దేశంలో రగిలే అగ్నిపర్వతం ఒక్కటే, అండమాన్‌లో బారెన్ దీవి. ఎత్తు 354 మీటర్లు. 1991లో నిద్రలేచింది, అప్పటి నుంచి అడపాదడపా పొగ, బూడిద వదులుతూనే ఉంది, 2025 సెప్టెంబర్లో కూడా. దీవి మీద దిగనివ్వరు, పడవలోంచే చూడాలి. మన పోర్టు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి (ఇప్పుడు శ్రీ విజయపురం) ఓడ కూడా ఉంది. "పడవలోంచి చూడటమేగా" అన్నాడు వాడు. అదే కదరా నేను ఇందాకటి నుంచి చెప్తున్నది! అయితే పడవ కూడా మంత్రం కాదు. 2018 జూలైలో హవాయిలో లావా సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా వెళ్లిన పడవ మీద మండుతున్న రాయి పడి 23 మందికి దెబ్బలు తగిలాయి. మళ్లీ దూరం దగ్గరికే వచ్చాం.

వాడు ఇజెన్ మానేశాడు. నా వాదన విని కాదు. మా కోడలి హ్యాండ్‌బ్యాగులో ఇన్‌హేలర్ ఉంటుంది, ఆ సంగతి నేను గుర్తుచేస్తే అప్పుడు ఆగాడు. సల్ఫర్ డయాక్సైడ్ ఆస్తమా ఉన్నవాళ్లకి అందరికంటే ముందు తగులుతుంది. బ్రోమోకి వెళ్తున్నారు. పెనంజకన్ ఖాయం, అంచు సంగతి అక్కడ చూసుకుంటారట.

పెట్టేసే ముందు అడిగాడు, "మీరు అంచు మీద ఎంతసేపున్నారు బాబాయ్?" పావుగంట ఉంటాం అన్నాను, నమ్మకంగా. తర్వాత ఊరికే ఫోన్లో ఆ రోజు ఫొటోలు తీసి టైము చూశాను. మెట్ల పైన మొదటి ఫొటో 7:38. చివరిది 8:27. మధ్యలో ఒక వీడియో ఉంది. బావ వినాయకుడి పక్కన నిలబడి కళ్లు నులుముకుంటూ "పదండ్రా, మండుతున్నాయి" అంటున్నాడు. వెనకాల గొంతు నాది. "ఒక్క నిమిషం బావా, పొగ బాగా వస్తోంది, ఇంకొక్కటి తీస్తాను."